డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు

పేరు అందరికిని తెలిసియుండి, చేసిన పని మాత్రము కొందరికే తెలిసియున్న గొప్పవారిలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. కాన్సరునకు మందు కనిపెట్టిన తెలుగువారని మన విద్యార్థులు వ్యాసములలో వ్రాయుచుందురు. అది తప్పు కాదు. కాని ఆ యొక్క వాక్యములో వారి జీవితము ఇమిడిపోదు. ఒక రక్తవ్యాధికి మందైన పదార్థమే మరియొక రక్తవ్యాధికి మేత యగుననుట వారి చరిత్రలోని ముఖ్యవిషయము. పైకి ఒకే విధముగ కనబడు రోగములను వేరువేరుగా గుర్తింపలేనిచో మంచి మందే కీడు చేయును. ఈ సంగతి బోధపడునట్లుగా వారి చరిత్రమును ఈ సంచికలో కొంత విపులముగా వ్రాయదలచితిమి.

సుబ్బారావు గారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. సంసారము పెద్దది, రాబడి చిన్నది. పదమూడేండ్ల ప్రాయమున బాలుడైన సుబ్బారావు ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడించెదనని బయలుదేరెను. పెద్దలు పట్టి వెనుకకు తెచ్చిరి. తల్లి కఠినురాలు, చదువు విషయమున కొడుకునకు విరామ మీయలేదు. భర్త పోయిన పిదప తన నగలమ్మి చదివించినది ఆమెయే.

వారు మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. ఈ మాటను మా పై తరగతి పిల్లలు తమకు అనుకూలముగా వాడుకొందురని ఎరుగుదుము. అయినను దాచుట న్యాయము కాదు. పిమ్మట ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిరి. ఆ కాలమున వారి మనస్సు రామకృష్ణ మిషనువైపు మరలెను. సన్న్యాసము పుచ్చుకొన నెంచిరి గాని తల్లి అనుమతింపలేదు. రోగులకు సేవచేయుట సన్న్యాసమునకు తీసిపోదను తలంపుతో మదరాసు మెడికల్ కాలేజీలో ప్రవేశించిరి.

అక్కడ మరియొక చిక్కు కలిగెను. గాంధీగారి పిలుపును మన్నించి వారు విదేశవస్త్రములను మాని, శస్త్రచికిత్సాలయమునకు కూడ ఖద్దరు దుస్తులతోనే పోయిరి. శస్త్రచికిత్స బోధించు ఆచార్యులు బ్రాడ్‌ఫీల్డు గారికి అది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను, వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. 1919వ సంవత్సరమున కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె శేషగిరి గారితో వారికి వివాహమయ్యెను.

ఇక వారి జీవితమును తిప్పిన విషయమునకు వత్తుము. వారి సోదరు లిరువురు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ యను వ్యాధిచే మరణించిరి. మన వైద్యులు దీనిని గ్రహణి యందురు. ఈ రోగమున తిన్న యన్నము ఒంటబట్టదు, నాలుక పుండ్లుపడును, విరేచనములు కట్టవు, క్రమముగ రక్తము పలుచనై మనుష్యుడు పాలిపోయి కృశించును. సుబ్బారావు గారిని సైతము ఈ రోగము పట్టెను. ఇంగ్లీషు వైద్యము గుణమీయలేదు. ఆయుర్వేద మెరిగిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారు చికిత్సచేసి బ్రతికించిరి. సుబ్బారావు గారు లక్ష్మీపతి గారి యాయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి. తాను చదివిన వైద్యము తన సోదరులకు ఎందుకు పనికిరాలేదను ప్రశ్న వారి నప్పటినుండియు విడువలేదు.

అమెరికాకు పోయి ఉష్ణదేశవ్యాధుల శాస్త్రము నభ్యసింపవలెనని నిశ్చయించుకొనిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు సహాయము చేయుదుమనిరి. మామగారు మరికొంత ధనము కూర్చిరి. 1922వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరమున దిగిరి. బోస్టను పేరు ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబములకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఒంగోలునకును, పిమ్మట మన కనిగిరికిని అమెరికన్ బాప్టిస్టు మిషనరీలను పంపిన సంఘము ఆ నగరమునుండియే నడచెను. అచ్చటినుండి ఇచ్చటికి వచ్చినవారిని గూర్చి మనము చాల వింటిమి. ఇచ్చటినుండి అచ్చటికి పోయిన ఈ యొక్కరి సంగతి తక్కువగ వింటిమి.

గర్భవతియగు భార్యను పుట్టింట విడిచి పోయిరి. పుట్టిన కుమారుడు శైశవమునందే చనిపోయెను. తండ్రి యా బిడ్డను చూడనే లేదు. మూడేండ్లలో తిరిగివత్తుననుకొన్నవారు ఎన్నడును రాలేదు. శేషగిరి గారు ఇక్కడ నెట్లు కాలము గడపిరో వీరి చరిత్రము వ్రాయువారు ఒకటి రెండు పంక్తులలో ముగింతురు; మేమును అంతకు మించి వ్రాయజాలకున్నాము. కాని ఈ కథలో ఆమె చెల్లించిన మూల్యము చిన్నది కాదని మాత్రము చెప్పవలెను.

హార్వర్డులో విద్యార్థివేతనము లేకపోయెను. ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు పగలు చదివిరి. ఉష్ణదేశవ్యాధుల డిప్లొమా పొందిన పిదప సైరస్ ఫిస్కె గారి ప్రయోగశాలలో చేరిరి. 1925లో రక్తమందును మూత్రమందును గల భాస్వరమును కొలుచు సులభమైన పద్ధతిని వీరిరువురు ప్రకటించిరి. ఫిస్కె–సుబ్బారావు పద్ధతియను పేర జీవరసాయనశాస్త్ర విద్యార్థులు దానిని తరతరములుగ నేర్చుకొనిరి. ఈ కొలతనే సాధనముగ జేసికొని కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో కనుగొనిరి. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో లోమాన్ గారును అదే సంవత్సరమున దానిని కనుగొనిరి. మనము చేయి యెత్తినను, గుండె కొట్టుకొన్నను, ఆ పనికి కావలసిన శక్తిని ఇచ్చునది ఈ ఎ.టి.పి.యే. మరియొకరైనచో ఇంతటితో ఆచార్యపదవి పొంది సుఖముగ నుండెడివారు. వీరికి 1930లో పి.హెచ్‌డి. వచ్చెను గాని హార్వర్డులో స్థిరమగు నుద్యోగము రాలేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివరు అను నూరిలో నున్న లెడర్లీ ఔషధశాలలో చేరి, పిదప అక్కడి పరిశోధనాధ్యక్షులైరి.

బోస్టనులో నుండగనే రక్తహీనతను గూర్చిన పరిశోధన మొదలుపెట్టియుండిరి. 1926లో మైనాటు, మర్ఫీ అను వైద్యులు అదే నగరమున, కాలేయము తినిపించినచో ఒక ఘోరమగు రక్తహీనత కుదురునని చూపిరి. కాలేయములో నున్న యా పదార్థమేదియో యెవరికిని తెలియదు. ఇంతలో లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరీక్షించి, ఈస్టుసారము తినిపించిన కుదురుచున్నదని 1931లో ప్రకటించెను. ఈ ఈస్టులోని పదార్థమే పచ్చని యాకులలో కూడ కలదని పిమ్మట తెలిసినది. 1941లో పాలకూరనుండి దీనిని తీసినవారు, ఆకు అను నర్థముగల లాటిను పదమునుబట్టి ఫోలిక్ ఆసిడ్ అని పేరుపెట్టిరి. సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రకటించిరి. ఆకుకూరలలో లేశమాత్రముగ నున్నది సీసాలలో లభించెను. అచిరకాలములోనే టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని స్ప్రూ రోగులకిచ్చి చూచెను. నాలుక పుండ్లు మానెను, ఆకలి పుట్టెను, రక్తము వృద్ధిపొందెను. తన సోదరులను తీసికొనిపోయిన రోగమునకు ఆ విధముగ వారి ప్రయోగశాలనుండియే మందు వచ్చెను. అప్పటికి పాతికేండ్లు గడచియుండెను.

ఇచ్చట చదువరులొక విషయమును గమనింపవలెను. మైనాటు గారి కాలేయముతో కుదిరిన రక్తహీనత వేరు, విల్స్ గారి ఈస్టుతో కుదిరిన రక్తహీనత వేరు. సూక్ష్మదర్శినిలో రక్తము రెండింటను ఇంచుమించు నొకేరీతిగ కనబడును. మొదటిదానికి కావలసినది బి12 విటమిను. అది 1948లో గాని వేరుపడలేదు. మొదటి రోగమున్నవానికి ఫోలిక్ ఆసిడ్ మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని నరములు చెడిపోవుచునే యుండును. రక్తమును చూచి సంతోషించిన వైద్యుడు రోగికి కాళ్లు పడిపోయినప్పుడు దిగ్భ్రాంతి జెందును. రోగముల పోలిక యెంత మోసకరమో దీనివలన తెలియును.

మూడవ రక్తవ్యాధి ల్యూకీమియా, అనగా రక్తపు కాన్సరు. ఇందు రక్తకణములు తక్కువగుట కాదు. ఎముకలలోని మూలుగయందు తెల్లకణములు పెరుగుదల పూర్తికాకయే హద్దులేక పుట్టి, మంచి కణములకు చోటు లేకుండ జేయును. బిడ్డ పాలిపోవును, జ్వరము వచ్చును, చిగుళ్లనుండి నెత్తురు కారును. 1947కు పూర్వము తీవ్రమైన ల్యూకీమియా వచ్చిన బిడ్డ సాధారణముగ కొలది వారములలో, లేదా కొలది నెలలలో మరణించెడివాడు. బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఇట్టి బిడ్డల నెందరినో చూచెను. లెడర్లీవారు తయారుచేసిన ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థములను వీరి కిచ్చి చూడగా, రోగము తగ్గుటకు మారుగ మూలుగలో చెడుకణములు మరింత త్వరగా పెరిగినట్లు కనబడెను. రక్తహీనునకు అమృతమైనది ఈ బిడ్డల కణములకు మేత యయ్యెను.

ఇది చూచి ఫార్బరు గారు వెనుదీయలేదు. మేత పెట్టిన పెరుగు కణములు మేత తీసివేసిన చచ్చునుగదా యని యోచించిరి. కాని శరీరములోని ఫోలిక్ ఆసిడ్‌ను తీసివేయుట యెట్లు? సుబ్బారావు గారి ప్రయోగశాలలో దాని మారురూపములు తయారగుచుండెను. వానిలో అమినాప్టెరిన్ అనునది ఫోలిక్ ఆసిడ్‌ను అచ్చముగ పోలియుండి, ఒక్కచోట మాత్రము ఆక్సిజను గుంపునకు బదులు నత్రజని గుంపును కలిగియుండెను. ఒక పల్లు తేడాగల తాళపుచెవి తాళములో దూరును గాని తిరుగదు. తానందుండినంతవరకు అసలు చెవిని దూరనీయదు. ఈ మందు పని అట్టిది. కణము మోసపోయి దీనిని స్వీకరించి, రెండుగ చీలుటకు కావలసిన పదార్థమును తయారుచేసికొనలేక నశించును.

1947వ సంవత్సరాంతమున ఫార్బరు గారు ఈ మందును బిడ్డలకిచ్చుట ప్రారంభించి, 1948 జూనులో ఫలితములను ప్రకటించిరి. పదునారుగురు బిడ్డలలో పదిమందికి గుణము కనబడెను. మంచము పట్టినవారు లేచి ఆడుకొనిరి. కాని కొన్ని నెలలకు రోగము తిరుగబెట్టెను. మిగిలిన యార్గురకు గుణమే కలుగలేదు. ఒకే పేరుగల రోగమునకు ఒకే మందిచ్చినప్పుడు కొందరికి పనిచేసి కొందరికి చేయకపోవుటకు కారణమేమి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు సుబ్బారావు గారికి వ్యవధి చిక్కలేదు. 1948 ఆగస్టులో ఒకనాటి రాత్రి నిద్రలోనే గుండె ఆగి, న్యూయార్కులో మరణించిరి. వయస్సు ఏబదిమూడు. వారి ప్రయోగశాలనుండి బోదకాలు రోగమునకు హెట్రజాన్ అను మందు 1947లోను, అరియోమైసిన్ అను మందు 1948లోను వెలువడెను. రెండవదానిని కనుగొన్నది వారి యాజమాన్యమున పనిచేసిన వృద్ధుడు బెంజమిన్ డగ్గరు గారు. వీటిని గూర్చి వేరొక వ్యాసము వ్రాయవచ్చును. మేము విడిచిన ప్రశ్నకు మరల వత్తుము.

బిడ్డల యందు ప్రయోగములు చేసి కారణము వెదకుట తగదు. అందుచే శాస్త్రజ్ఞులు చిట్టెలుకల నాశ్రయించిరి. జేకబ్ ఫర్తు అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతములందే ల్యూకీమియా సహజముగ వచ్చు ఎ.కె.ఆర్. అను చిట్టెలుకల వంశమును పెంచియుండెను. 1949లో ప్రకటితమైన ఎల్ 1210 అను ల్యూకీమియా, ఒక చిట్టెలుకనుండి మరియొకదానికి ఎక్కింపదగినది. అమినాప్టెరిన్‌కు తమ్ముడగు మెథోట్రెక్సేటును, తరువాతి మందులలో ననేకములను దీనిమీదనే పరీక్షించిరి. ఒక్కటే కాన్సరు కణమును ఎక్కించినను చిట్టెలుక చావవచ్చునని హోవర్డు స్కిప్పరు గారు 1964లో చూపిరి. కడపటి కణమువరకు చంపిననేగాని రోగము కుదరదు. అందులకు ఒక మందు చాలదు, పలు మందులు కలిపి ఈయవలెను. ఫార్బరు గారి బిడ్డలకు రోగమెందుకు తిరుగబెట్టెనో దీనివలన కొంత తెలిసెను.

మిగిలినది, ఏ కణము ఏ జాతిదను ప్రశ్న. సూక్ష్మదర్శినిలో అన్నియు గుండ్రముగ నొకటే. అయితే ప్రతికణపు పైపొరమీదను, మన సంతలలో పశువులకు వేయు ముద్రలవలె, దాని జాతిని తెలుపు పదార్థములు కలవు. ఒక వంశపు చిట్టెలుకకు మరియొక వంశపు కణములను ఎక్కించినచో దాని నెత్తుటిలో ఆ ముద్రలను పట్టు ప్రతిరక్షకములు పుట్టును. ఈ విధముగ ఓల్డు, బాయిస్, స్టాకర్టు గారలు 1963లో చిట్టెలుకల ల్యూకీమియా కణములమీద టి.ఎల్. అను ముద్రను కనుగొనిరి. 1964లో రీఫు, అలెన్ గారలు తీటా యను ముద్రను కనుగొనిరి. దానినే నేడు థై-1 అందురు. ఇది థైమసు గ్రంథిలో పెరిగిన టి కణములమీద నుండును గాని, మూలుగలో పెరిగిన బి కణములమీద చిట్టెలుకలలో నుండదు. అప్పటికి ల్యూకీమియాలను జాతులవారీగా విడదీయుట సాధ్యమయ్యెను. ఎ.కె.ఆర్. చిట్టెలుకల రోగము టి కణములదని తేలెను.

1975లో కోలరు, మిల్‌స్టైను గారలు ఒకే ముద్రను పట్టు ప్రతిరక్షకములను కోరినంత తయారుచేయు మార్గము చూపిరి. వానికి మెరయు రంగు నంటించి, కణములను ఒక సన్నని ధారలో ఒకదాని వెంట నొకటిగ లేజరు వెలుగునెదుట నడపినచో, యంత్రము క్షణములో వేలకొలది కణముల ముద్రలను చదువును. 1982లో పారిసునందు ఈ ముద్రలకు సి.డి. అను నంకెలు నిర్ణయించిరి. చిట్టెలుకలో సి.డి.19, బి220 ముద్రలున్నచో బి జాతి, సి.డి.3 ఉన్నచో టి జాతి, సి.డి.4, సి.డి.8 రెండును ఒకే కణముమీద నున్నచో థైమసులో ఇంకను పెరుగుచున్న లేత టి కణము, జి.ఆర్.-1, సి.డి.11బి ఉన్నచో మూలుగజాతి. టెర్-119 ఉన్నచో ఎర్రకణముల జాతి. అయితే ఒక్క ముద్రనే నమ్మరాదు. రోగిష్ఠికణము తన ముద్రను పోగొట్టుకొనవచ్చును, పరజాతి ముద్రను ధరింపవచ్చును. అందుచే 2002లో బెథెస్డాయందు కూడిన పండితులు చిట్టెలుకల రక్తపు కాన్సరులకు వర్గవిభజన చేసినప్పుడు, ముద్రలతోబాటు ప్లీహము, థైమసు, మూలుగల రూపమును, రోగము నడచిన తీరును గూడ చేర్చిరి.

మనుష్యుల యందును 1970 ప్రాంతములనుండి ఇదే విభజన ప్రవేశించెను. అంతవరకు బిడ్డల తీవ్ర ల్యూకీమియా యని ఒక్క పేరుతో పిలిచినదానిలో బి జాతియు టి జాతియు వేరుపడెను. బి జాతి కణములు మెథోట్రెక్సేటును తమలో నెక్కువగ నిలువజేసికొనుననియు, టి జాతి కణములు తక్కువగ నిలువజేసికొనుననియు, కావున రెండవవారికి ఎక్కువ మోతాదు కావలసియుండుననియు పిమ్మట తేలెను. ఆ యార్గురు బిడ్డలకు మందెందుకు పనిచేయలేదనుటకు కారణము లనేకములుండవచ్చును. ఇట్టి జాతిభేదము వానిలో నొకటి కావచ్చును. బిడ్డలకు తరచుగ వచ్చు తీవ్ర ల్యూకీమియాలో, సంపన్నదేశములయందు నేడు నూటికి సుమారు తొంబదిమంది కుదురుచున్నారు.

సుబ్బారావు గారి శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము వారి బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించెను. మన ప్రాంతపు బిడ్డలకు ఈ వ్యాధి వచ్చి పెద్ద నగరముల ఆసుపత్రులకు పోయినప్పుడు, మొదట రక్తమును, మూలుగను తీసి ముద్రలు చదివించి, పిమ్మట ఇచ్చు మందులలో మెథోట్రెక్సేటు నేటికిని కలదు. కీళ్లవాతముతో బాధపడు పెద్దలకు కూడ వైద్యులు ఈ మాత్రనే వారమున కొకమారు చొప్పున వ్రాయుచు, దానివలన కలుగు కీడు తగ్గుటకై వేరొక దినమున మ్రింగుమని ఫోలిక్ ఆసిడ్ మాత్రను గూడ వ్రాయుదురు. ఆ రెండు మాత్రలును పెర్ల్ రివరులోని ఆ ప్రయోగశాలనుండి వచ్చినవే.